సద్‌బర్గ్ అక్క పొయ్యిలో పెట్టిన రుబాబ్

పంజకెంత్ పెద్దలారా, అక్కలారా, తమ్ముళ్ళారా!

మీ బూట్లకు ఇంకా బురద ఉంది. నా బూట్లకూ ఉంది. కడుక్కునే తీరిక ఎవరికి దొరికింది? మొన్న పొద్దున నాతో కూర్చుని టీ తాగిన మనిషి గురించి ఇవాళ 'ఉండేది' అని చెప్పమంటున్నారు. నోరు రావడం లేదు నాకు.

సద్‌బర్గ్ అక్క నడిపిన వాద్యాల మ్యూజియం గోడ పక్కనే మా ఇల్లు. మొన్న కూడా తిట్టింది. "ఒరే ఖుష్‌వఖ్త్, నీ రుబాబ్ తీగలు నీ బుర్రలాగే వదులైపోయాయిరా. బిగించుకుని రా, అప్పుడు పోస్తా టీ!" బిగించుకుని వచ్చాను. పోసింది. మధ్యాహ్నానికి కొండ మీంచి బురద వరద దిగింది. అంతే. అంతేనా? ఒక మనిషి పోవడానికి ఇంతేనా?

'వాద్యాలను ముట్టరాదు' అని పై ఆఫీసు వాళ్ళు మ్యూజియానికి బోర్డు పంపితే, దాన్ని టీ నీళ్ళు కాచే సమోవార్ కింద పీటలా వేసింది. వచ్చిన అధికారి మండిపడ్డాడు. "ముట్టకపోతే ఇవి చచ్చిపోతాయయ్యా. పట్టు ఈ డప్పు, వాయించు" అంది. వాయించాడు పాపం. ఆ మోత విన్నవాళ్ళు ఇక్కడే ఉన్నారు.

అంత ప్రాణంగా చూసుకున్న మనిషి, యుద్ధం నాటి చలికాలంలో ఏం చేసింది? గ్యాస్ లేదు, కరెంటు లేదు. నా భార్య జులైఖోకు నొప్పులు మొదలయ్యాయి. ఇంట్లో కట్టెపుల్ల లేదు. అక్క గొడ్డలితో కొట్టిన చెక్కలు ఒడినిండా తెచ్చింది. చూస్తే రుబాబ్! వాళ్ళ నాన్న చేతులతో చెక్కిన రుబాబ్! పొయ్యికి అడ్డం నిలబడ్డాను. "అక్కా, ఇది మీ నాన్నది!" అన్నాను.

"జరగరా. ఆయనే ఉంటే ఈపాటికి గొడ్డలి ఆయనే పట్టేవాడు" అంది.

ఆ వేడిలో పుట్టింది నా కూతురు నిగినా. అదిగో, కిటికీ దగ్గర ఏడుస్తోంది.

మొన్న వరద వచ్చేసరికి మ్యూజియం నిండా బడిపిల్లలు. అందరినీ నిచ్చెన మీదుగా కప్పు ఎక్కించింది. "రుబాబ్‌లు కొట్టుకుపోతున్నాయి!" అని పిల్లలు అరిచారట. "పోనివ్వండి, చెక్కే కదా! సఫర్ తాత ఏడి?" అంటూ మళ్ళీ దిగింది. మోకాళ్ళు పట్టేసిన కాపలాదారు సఫర్ తాతను వెనక కిటికీలోంచి బయటికి తోసేసింది. తను దాటేలోపే గోడ కూలింది.

తాతా, తలెత్తు. మొన్నటి నుంచి నువ్వు ఎవరి ముఖమూ చూడటం లేదు. నువ్వు లోపలే ఉండిపోయి ఉంటే, బతికొచ్చిన అక్క ఇవాళ ఎవరి ముఖం చూడగలిగేది? నీ తప్పేం లేదు తాతా. వింటున్నావా? నీ తప్పేం లేదు.

లేవండి, అందరూ లేవండి. తాతకు ఎవరైనా చెయ్యందించండి. మాటలు ఆపుదాం.

అక్కా, నిశ్శబ్దం నీకు గిట్టదని తెలుసు. ఈ కాసేపూ ఓర్చుకో.