ఇవాళ కలిపింది ఇవాళే

నా పదవీ విరమణ సభను నడిపిస్తున్న వెంకటరామయ్య గారికి, ఈ పాలిటెక్నిక్‌లో నాతోపాటు సుద్దపొడి పీల్చిన తోటి ఉపాధ్యాయులకు, ఆదివారాలు మా ల్యాబ్‌ని సొంతిల్లు చేసుకున్న రేడియో క్లబ్బు పిల్లలకు, ఎంత పిలిచినా ముందుకు రాకుండా తలుపు పక్కనే కూర్చున్న మా ల్యాబ్ అటెండర్ దశరథ్ గారికి నమస్కారం. ఇన్నేళ్లూ ‘దశరథ్, ఇలా రా’ అన్న నోటితో ‘గారు’ అనేసరికి, ఎవరా అని ఆయనే వెనక్కి తిరిగి చూస్తున్నారు. (నవ్వులు)

రేడియో తీగచుట్టలకి ఇంట్లో వెండిపూత వేసుకునే కుర్రాళ్లని కాపాడింది ‘హైమవతి సూత్రం’ అని ఇందాక అధ్యక్షులు నన్ను మెచ్చుకున్నారు. ఇవాళ కలిపింది ఇవాళే పారబోయాలి అని ల్యాబ్ గోడ మీద రాసిన మాట. కళ్లద్దాలు, చేతితొడుగులు, తెరిచిన కిటికీ, వంటగిన్నెల జోలికి పోకపోవడం, అవన్నీ నేను చెప్పినవే. ఆ ఒక్క మాట మాత్రం నాది కాదు.

రాగి తీగచుట్ట వెండి ద్రావణంలో మునిగినప్పుడు మీరు చూసే ఉంటారు, ఎర్రటి రాగి మీద తెల్లవారుతున్నట్టు మెల్లగా తెలుపు పాకుతుంది. పదహారేళ్ల కిందట ఒక సాయంత్రం అలా చూస్తూ చూస్తూ సంగారెడ్డి బస్సు సంగతే మరిచాను. ఆ చుట్టతోనే మన రేడియోలో ఎక్కడో సముద్రం మీది ఓడ గొంతు వినబడింది, గుర్తుందా వెంకటరామయ్య గారూ? ఆ సాయంత్రమే దశరథ్ గారు వచ్చి, “మేడమ్, ఇయ్యాల కలిపింది ఇయ్యాలనే పారబోయాలె. జెర ఆసిడ్ పోసి విరగ్గొట్టి డబ్బాల పోస్త. ఉంచితే పేలుతది” అన్నారు. కాజీపల్లిలో ఒక పూత షెడ్డులో పనిచేసి నేర్చుకున్న మాట అది. అమ్మోనియా కలిపిన వెండి ద్రావణం నిలవుంటే పేలుతుందని నేనూ చదివాను. కానీ ఆ మెరుపుని పారబోయడానికి మనసొప్పలేదు. నేనే పారబోస్తాలే అని ఆయన్ని పంపించి, సీసాలో పోసి బీరువాలో పెట్టి, రేపటి చుట్ట గురించి కలగంటూ ఇంటికెళ్లాను.

పొద్దున ఆయన బీరువా తీశారు. సీసా పేలింది. ఆయన ఎడమ కనుబొమ్మ మీది గీత అప్పటిదే. ఇంకొక్క అంగుళం కిందికైతే కన్నే పోయేది. ‘ఎవరు దాచారు?’ అని అప్పటి ప్రిన్సిపాల్ గారు అడిగితే, నేను నోరు తెరిచేలోపే, “నేనే సార్, పారబోసుడు మర్చిపోయిన” అన్నారు. నేను తెరిచిన నోరు మూసుకున్నాను. మెమో ఆయనకిచ్చారు. వారం తిరక్కుండా ఆయన మాటే గోడ మీద రాయించి, కింద నా పేరు పెట్టనిచ్చాను. పిల్లలు ‘మతిమరుపు దశరథ్’ అంటే ఆయన నవ్వేవారు. నేను వింటూ ఊరుకున్నాను. సిగ్గుగా ఉంది.

“గిప్పుడెందుకు మేడమ్ గదంతా” అంటున్నారు చూడండి, అక్కణ్నుంచి. దాచిపెడితే పేలుతుందని చెప్పింది మీరే కదండీ! పదహారేళ్లు దాచాను.

శ్రావ్యా, క్లబ్బు కార్యదర్శివి నువ్వే కదా, గోడ మీద నా పేరు చెరిపి ఆయన పేరు రాయమ్మా, నేను గేటు దాటకముందే. నన్ను భరించిన మీ అందరికీ కృతజ్ఞతలు. దశరథ్ గారూ, మీరు ఏదీ మర్చిపోలేదు. సీసా దాచింది నేను.

సెలవు.