గాలికి కిందికి, నీటికి పైకి

నా ఈ వీడ్కోలు సభకు అధ్యక్షులైన పురపాలక అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, తోటి ఉద్యోగులకు, "ఈవిడ మైకు పట్టుకుంటే తుఫానే నయం" అని పక్కాయన చెవిలో ఊదుతున్న మా వారికి నమస్కారం. (నవ్వులు)

తుఫాను హెచ్చరికల ఉద్యోగమంటూ నేను ఈ ఊళ్లో దిగిన కొత్తలో, కొండల మధ్య ఊరికి తుఫానేమిటి, సముద్రం చూడాలంటే రోజంతా బస్సులో కూర్చోవాలి కదా, ఈవిడకు జీతం దండగ అన్నారు, తుఫాను మేడమ్ అని పేరూ పెట్టారు. తీరం దాటిన తుఫాను గాలి తగ్గినా మబ్బుల్ని మోసుకొచ్చి మన కొండల మీదే కుమ్మరిస్తుందని, ఆ నీళ్లన్నీ మన వాగులోకే దిగుతాయని ఎంత చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

అసలు చిక్కు మన అలవాటులో ఉంది. గాలి లేచిందంటే తాతల నాటి నుంచి మనం వాగు పక్కన కింది బజారుకు దిగుతాం, అక్కడ గాలి తగలదు కనుక. వరదలో అది పులి నోట్లో తల పెట్టడమే. అందుకే ఏటా వానలకు ముందు, అలవాటు కావాలని, అందరినీ గుట్ట మీది బడికి ఎక్కించడం మొదలుపెట్టాను. తిట్టుకుంటూనే ఎక్కారు. దర్జీ అన్నయ్యయితే కుట్టు మిషన్ నెత్తిన పెట్టుకుని మరీ ఎక్కేవాడు. (నవ్వులు)

కిందటేడు తుఫాను నిజంగానే వచ్చింది. గాలి లేవగానే మా అత్తగారు పాత అలవాటున కిందికి బయలుదేరారు. నేను ఆఫీసులో సైరన్ వదిలి కదల్లేను. దర్జీ అన్నయ్య ఎదురొచ్చి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడట.

"పెద్దమ్మగారూ, ఈసారి పైకే. కిందికి పంపానని తెలిస్తే మీ కోడలు నన్ను బతకనివ్వదు."

వాళ్లు బడి చేరేసరికి కింది బజారు మునిగిపోయింది. ఊళ్లో ఒక్క ప్రాణం పోలేదు. అన్నయ్యా, నీ మిషన్ నీళ్లపాలు చేసుకుని మా అత్తగారిని తెచ్చావు. నీ రుణం నేను తీర్చుకోలేను.

ఇప్పుడేమో అధ్యక్షులవారు, గండం గడిచింది కదా, వచ్చే ఏడు నుంచి ఆ ఎక్కడం మానేద్దామంటున్నారు. పెద్దవారు, కాదనలేను గానీ, ఏరు దాటి తెప్ప తగలేసినట్టుంది అయ్యా. నేను వెళ్లాక వీళ్లంతా మళ్లీ కిందికి దిగుతారేమోనని నాకు నిజంగా భయంగా ఉంది.

మీ ఆదరానికి కృతజ్ఞతలు. ఇంకొక్క మాట. టీ, ఫలహారం ఇక్కడ లేవు, గుట్ట మీది బడిలో పెట్టించాను. (నవ్వులు) అధ్యక్షులవారూ, ముందు మీరే నడవాలి. అరె, మా అత్తగారు అప్పుడే లేచారు, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా పైదారి పట్టారు. ఇక నాకు బెంగ లేదు. సెలవు.