బొమ్మ కింద పేరు రాసిన మనిషి

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో నూట యాభై కుర్చీలు వేశారు. చాలక గోడల వెంట నిలబడ్డారు. ఫోన్లో రోజూ పలకరించుకునేవాళ్లే, ఎదురుపడేసరికి గుర్తుపట్టలేక మొహమాటంగా నవ్వుకోవడం చూశాను. మనల్ని ఒకరికొకర్ని కలిపిన మనిషి పోయి ఇవాళ్టికి పన్నెండు రోజులు. యాభై రెండేళ్లు పోయే వయసు కాదు. ఆ మాట ఒక్కసారి అనేసి పక్కన పెడతాను. దాని దగ్గరే ఆగి నేను సగంలో దిగిపోతే ఆమె గురించి చెప్పాల్సింది మిగిలిపోతుంది.

ఆమె నన్ను అన్నయ్యా అనేది. అందుకే గారూ గీరూ పెట్టడం లేదు, ఏమీ అనుకోకండి.

ఆమె ఉద్యోగం ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీయడం. ఇరవై ఏడేళ్లు అదే గది, అదే మిషను. "ఊపిరి పీల్చండి, అలాగే ఆపండి, ఇక వదలండి." రోజుకి అరవై డెబ్బై సార్లు ఆ మాటే. మరి పొద్దున డ్యూటీకి బయల్దేరే ముందు ఏం చేసేది? ఫోన్లో మనమంతా చూసే తన పేజీలో ఒక బొమ్మ పెట్టేది. రోజుకి ఒక్కటే. పెద్ద పెద్ద పేర్లున్న చిత్రకారుల బొమ్మలు పెట్టేది కాదు. "వాళ్లని చూపించడానికి నేనెందుకన్నయ్యా, అందరూ ఉన్నారు" అనేది. ఆమెకి కావలసింది పాత వారపత్రికలో కథకి బొమ్మ వేసినాయన. సబ్బు డబ్బా మీద పాపాయిని గీసినామె. అగ్గిపెట్టె మీద లేడిని గీసినవాడు.

ఎవరు ఎక్కడ ఏ బొమ్మ పెట్టినా కింద ఆమె ప్రశ్న వచ్చి వాలేది. "ఎవరు గీశారు?" అంతే. బాగుందనీ బాగాలేదనీ అనేది కాదు. ఎవరు గీశారు? తెలియదండీ, ఎక్కడో దొరికింది అంటే ఊరుకునేది కాదు. ఎక్కడ దొరికింది, ఏ పుస్తకం, ఎన్నో పేజీ? విసుగెత్తి ఎవరో పేరమ్మ అని పేరు పెట్టారు. వెక్కిరింతకి పెట్టిన పేరు. ఆమె దాన్నే పేజీకి పెట్టుకుంది. ఇక వెక్కిరించేదేముంది?

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. అది చెప్పకుండా ఆమె పట్టుదల మీకు తెలియదు.

నేను ఇరవై రెండేళ్లు బడి పుస్తకాలకి బొమ్మలు వేశాను. ఇక్కడున్నవాళ్లలో సగం మంది నా బొమ్మలు చూస్తూ చదువుకున్నవాళ్లే. వాటికి మీసాలు పెట్టినవాళ్లు కూడా ఉండే ఉంటారు. ఆ పుస్తకాల్లో అచ్చేసిన ప్రెస్సు పేరుండేది, కాగితం బరువెంతో కూడా రాసి ఉండేది. బొమ్మలు వేసినవాడి పేరు ఉండేది కాదు. కొన్నాళ్లకి బొమ్మలు కంప్యూటర్లో వేయించడం మొదలైంది, మా విభాగం మూసేశారు. నేను మా బామ్మర్ది జిరాక్స్ షాపులో కూర్చున్నాను. కుంచెలు ఎక్కడ పెట్టానో కూడా మర్చిపోయాను. నిజం చెప్తున్నాను, మర్చిపోవాలనే మర్చిపోయాను.

ఆరేళ్ల కిందట ఒక మధ్యాహ్నం ఒకామె షాపుకొచ్చింది. చేతిలో ఏ కాగితమూ లేదు. నేను వేరే వాళ్ల కాగితాలు మిషనులో పెడుతుంటే నా ఎడమ చెయ్యి వైపే చూస్తూ నిలబడింది. ఏం కావాలమ్మా అన్నాను. "మీ చిటికెన వేలు ఎప్పుడు విరిగిందండీ?" అంది.

పిచ్చిదనుకున్నాను. పదేళ్లప్పుడు సైకిలు మీంచి పడ్డానని చెప్పాను. "సరిగ్గా అతకలేదు. కొస దగ్గర బయటికి వంగింది" అని, సంచీలోంచి మూడు కాగితాలు తీసి బల్ల మీద పరిచింది. మూడో తరగతి వాచకంలో నీళ్లు తోడే అమ్మాయి. ఒక పత్రికలో ఉత్తరం చదివే ముసలాయన. టీకాల పోస్టరులో బిడ్డనెత్తుకున్న తల్లి. మూడు బొమ్మల్లోనూ ఎడమ చెయ్యి చిటికెన వేలు కొసన బయటికి వంగి ఉంది. చేతులు గీయాల్సి వచ్చినప్పుడల్లా నా చేతినే ఎదురుగా పెట్టుకుని గీసేవాణ్ణి. ఆ వంకర బొమ్మల్లోకి కూడా వెళ్లిపోయిందని నాకే తెలియదు. రోజూ చేతుల ఎముకలు చూసే మనిషికి తెలిసింది. అది పట్టుకుని పద్నాలుగు నెలలు ప్రెస్సుల చుట్టూ, అచ్చుకి అక్షరాలు కూర్చిన పాత కంపోజిటర్ల ఇళ్ల చుట్టూ కాళ్లరిగేలా తిరిగి, ఆ జిరాక్స్ షాపుకొచ్చింది.

మర్నాడు పొద్దున నా బొమ్మ పెట్టి, కింద నా పేరు రాసింది. ఆఫీసులో ఫోను చూసుకుంటున్న మా కోడలు ఇంటికి ఫోన్ చేసింది. "మామయ్యా, ఇది మీరేనా?" ఆ పిల్ల మా ఇంటికొచ్చి అప్పటికి తొమ్మిదేళ్లు. నేను బొమ్మలు వేసేవాణ్ణని ఆ రోజు దాకా తెలియదు. ఆ సాయంత్రం వస్తూ వస్తూ రంగుల డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. నేను మళ్లీ మొదలుపెట్టింది ఆ డబ్బాతోనే.

అలా అని ఆమె ఎప్పుడూ పొరపాటు చేయలేదని చెప్పను. చేసింది. ఒక చెట్ల బొమ్మల వరుస పెట్టి, కింద ఒక డ్రాయింగు మాస్టారి పేరు రాసింది. అందరూ ఆయన్ని మెచ్చుకున్నాం. రెండేళ్ల తర్వాత ఆయన కూతురు ఉత్తరం రాసింది. ఆ చెట్లు మా నాన్నవి కావండీ, మా అమ్మవి. నాన్న పేరు మీదైతే పత్రికవాళ్లు తీసుకుంటారని అలా పంపేవాళ్లు.

మనమైతే ఏం చేస్తాం? పేరు మార్చి ఊరుకుంటాం. ఈమె ఏమందో తెలుసా? "రెండేళ్లు తప్పు చెప్పాను. రెండేళ్లు ఒప్పు చెప్తాను." నెలకోసారి, అదే తారీఖున, ఒక్కో చెట్టు బొమ్మ పెట్టి, ఇది ఫలానా ఆమె గీసింది, నేను ఇంతకుముందు తప్పు రాశాను అని రాసేది. ఇరవై నాలుగు నెలలు. చాలమ్మా తల్లీ, అర్థమైంది అని మేమంతా దండం పెట్టినా మానలేదు. ఆ చెట్లు గీసినావిడ ఇవాళ మొదటి వరుసలో కూర్చున్నారు. ఎనభై మూడేళ్లు. అమ్మా, మెట్లెక్కి ఇంత దూరం వచ్చారు, మీకు నమస్కారం.

ఆమె పనిచేసిన ఆసుపత్రివాళ్లు కూడా వచ్చారు. ఎక్స్‌రే గది బయట వరండా గోడ నిండా ఆమె బొమ్మలు అంటించిన సంగతి వాళ్లకి తెలుసు. సూపరింటెండెంటు గారు పీకేయమన్నారట. "సార్, చెయ్యి విరిగి వచ్చినవాడికి చూడ్డానికి ఏమీ లేకపోతే ఆ చేతినే చూసుకుంటాడు" అందట. బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి.

నాలుగు నెలల కిందట జబ్బు బయటపడింది. తన ఫిల్ము తనే చూసుకుంది. ఆమెకి ఇంకెవరూ చెప్పక్కర్లేకపోయింది. ఇంటికెళ్లి ఏడ్చింది, ఒక రోజంతా ఏడ్చిందని ఆమె భర్త, మా బావగారు చెప్పారు. మర్నాడు ఆయన్ని కూర్చోబెట్టి పేజీ నడపడం నేర్పింది. బావగారు బస్సు డ్రైవరు. బొమ్మల గురించి నాకేం తెలుసే, గుర్రానికీ గాడిదకీ తేడా కూడా చెప్పలేను అన్నారు. "నీకు నచ్చక్కర్లేదు. ఎవరు గీశారో కనుక్కో, చాలు" అంది.

ఆమె పోయిన మర్నాడు పొద్దున కూడా పేజీలో బొమ్మ వచ్చింది. పెట్టింది బావగారే. కొందరు నొచ్చుకున్నారు, ఇవాళ కూడానా అని రాశారు. నేనూ నొచ్చుకున్నాను. దాచను. వెళ్లి అడిగాను కూడా. బావగారు చెప్పిన మాట ఇది. "రేపు మీ బొమ్మ వస్తుందని ఆ గీసినాయనకి తనే ఫోన్ చేసి చెప్పింది బావగారూ. పొద్దున్నే లేచి చూసుకుంటాడు కదా."

ఇంటికొచ్చి ఆ బొమ్మ కింద గీసినాయన పేరు మళ్లీ చదివాను.

పేరు తెలియని బొమ్మలు ఆమె ఫోన్లో ఇంకా నలభై ఒకటి ఉన్నాయి. మనం పంచుకున్నాం. ఈ పన్నెండు రోజుల్లో ముగ్గురు దొరికారు. మిగతావాళ్లు కూడా దొరుకుతారు. ఆశపడి అనడం లేదు. ఎలా వెతకాలో ఆమె మనకి నేర్పింది కాబట్టి అంటున్నాను.

ఇక లేచి నిలబడదాం. మోకాళ్లు సహకరించనివాళ్లు కూర్చునే ఉండండి, తప్పులేదు. బావగారూ, ఇందాకటి నుంచీ తలుపు దగ్గరే ఉండిపోయారు. అక్కడ కాదు, ముందుకి రండి. ఆయనకి దారివ్వండమ్మా. ఆయన వచ్చాక, రెండు నిమిషాలు మాటలు మానేసి, ఆయన పక్కన నిలబడదాం.