రెండుసార్లు ఒత్తాలె

తాండూరులో మనీషా వాళ్ల మేడమీది గది. వికారాబాద్ కాలేజీ నుంచి రైల్లో నేరుగా ఇక్కడికే వచ్చింది మల్లిక. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నీళ్లన్న తాగవే జర. గట్ల నిలవడ్తవేంది?"

"నీళ్లొద్దు. మొన్న శుక్రారం నా ఐడీ తెరిచినవా, లేదా?"

"రోజు తెరుస్తనే ఉంట గదా. మీ ఊర్ల సిగ్నల్ లేదని నువ్వే పాస్‌వర్డ్ ఇస్తివి. ఆన్‌లైన్ క్లాసులకు నీ హాజరు నేను గాకుంటె ఎవరేసిండ్రు?"

"హాజరు సంగతి అడుగుతలేను మనీషా. శుక్రారం."

"తెరిచిన. క్లాసు పెట్టిన, బంద్ చేసిన. గంతే."

"హైదరాబాద్‌ల హాస్టల్ల ఉండి చేసే ట్రైనింగుకు నేను సెలెక్ట్ అయిన్నని గా ఐడీకే మెసేజ్ వచ్చిందట."

"నేను చూడలే."

"చూడలేదా?"

"చూడలేదంటున్న గదనే. మస్తు మెసేజ్‌లొస్తయి. అన్ని చదువుతనా?"

"కోర్సు చూసే పరశురాం సార్ తన కంప్యూటర్ల చూపెట్టిండు. పదకొండింటికి మెసేజ్ తెరిచిండ్రు. పదకొండు పదికి 'నేను రాను' అని ఒత్తిండ్రు. నా పేరు మీద."

"మరి నువ్వే ఒత్తినవేమో."

"శుక్రారం కాలేజీకి పోయేది లేదు, ఆన్‌లైన్ క్లాసే. బొంరాస్‌పేట దాటి మేకల ఎంబడి ఉన్న. ఫోన్ల ఒక్క గీత లేదు."

"చెయ్యి తగిలుంటది మల్లికా. పొరపాటున..."

"గది గూడ సార్‌ను అడిగిన. ఒక్కసారి ఒత్తితే కాదట. నిజంగ వద్దా అని మళ్ల అడుగుతదట. రెండుసార్లు ఒత్తాలె."





"సార్‌కు నా పేరు చెప్పినవా?"

"ఎట్ల చెప్తనే? పాస్‌వర్డ్ నీకిచ్చిన్నంటే నా రెండేండ్ల హాజరంత కొట్టేస్తరు. గది నీకు ఎరుకే. ఎరుక ఉండే చేసినవ్."

"మళ్ల అడుగు. పొరపాటైందని చెప్తే సీటు..."

"సీటు వేరేటోళ్లకిచ్చిండ్రు. అయిపోయింది. నిన్ను నమ్మి నేను ఫికర్ లేకుంట మేకల ఎంబడి తిరిగిన. నీకేం తక్కువ చేసిన్నే? నాది ఒక అసైన్‌మెంట్ రాస్తే నీది గూడ రాసిన్నా, లేదా?"

"రాసినవ్."

"రెండేండ్లు రాసిన. చేతులు నొస్తున్నయని ఒక్కనాడన్న అన్ననా?"

"అనలే."

"మరెందుకు చేసినవ్?"

"ఆ హాస్టల్ల వైఫై ఉంటదంట గదా. నీకు నెట్ దొరికినంక, నావి నువ్వెందుకు రాస్తవే?"