వేపమండ కట్టని సెనగచేను

మద్దిలేటి అని ఒకడుండె. వాని సెనగచేను చూస్తే ఎవురికైనా కండ్లు కుట్టాల్సిందే అనుకో. పైరు మంచిదే, వాని నోరే మంచిది కాదు. ఊర్లో అందరి చేలల్లో పచ్చపురుగు పడి కాయలు తొలుస్తా ఉంటే, వీడు టీ అంగడి కాడ కూచోని, మా చేనికి సుంకులమ్మ తల్లి కాపలా ఉంది, పురుగు గట్టు దాటదు, మీకు భక్తి లేకనే పడింది అనేవాడంట. అట్లన్నోని చేన్లోకీ వచ్చె పురుగు. పురుగుకేం తెలుసప్పా వీని గొప్పలు?

ఇంగ ఆ ఊర్లో ఒక పద్ధతుండె. చేనికి పురుగుమందు కొట్టినోడు గట్టు మీద వేపమండ కట్టాల. ఎందుకంటే, చౌడమ్మవ్వ అని ఒక ముసలామె తెల్లారేటప్పుడు సెనగచేన్లో తెల్లగుడ్డ పరిచేది. సెనగ మీద పడిన మంచు పులుపు కదా, అది గుడ్డకు పట్టినాక పిండి సీసాకు పోసుకునేది. ఊర్లో ఎవురికి కడుపునొప్పొచ్చినా ఆ పులుపునీళ్లే. రూపాయి తీసుకోదు. ఎవురి చేన్లోకైనా పోతాది, మండ ఉంటే పోదు, అంతే.

ఏమైందంటే, వీడు పొద్దుగూకేటప్పుడు ఎవురూ లేంది చూసి మందు కొట్టినాడంట. మండ కట్టలే. కడితే ఊరంతా నవ్వుతాది కదా. తెల్లారి పురుగు చచ్చిందా లేదా చూద్దామని పోతే ఏముంది, వాని చేన్లోనే అవ్వ గుడ్డ పిండుతా ఉంది. నశ్యం పీల్చి పీల్చి ఆయమ్మ ముక్కుకు వాసనే తెలీదు పాపం. పిలుద్దామంటే పక్క చేన్లో మనుషులుండారు. నోరు తెరిస్తే పరువు పాయ. అవ్వ ఇంటికి పోయి మెల్లగ చెప్దాంలే అనుకొని, ఎద్దులకు మేతేసి, సద్ది తిని, అప్పుడు బయలుదేరినాడంట. సద్ది తినినాడు చూడండి, నాకు అదే కడుపు మండేది.

పోయేసరికి అవ్వ గుడిసె ముందర వాని పెండ్లాం ఈరమ్మ, చంకలో బిడ్డ. వీడు చేనికి పోయినాక బిడ్డకు కడుపునొప్పొచ్చిందని తెచ్చిందంట. అవ్వేమో గడపకాడ పడిపోయుంది, నోట్లో నురుగు. ఎవురికిచ్చినా ముందు తాను పుడిసెడు తాగి, కొంచేపు చూసి ఇస్తాది, అదీ ఆయమ్మ అలవాటు. ఈరమ్మ ఏడుస్తా, "బిడ్డకు బిన్నా పట్టవ్వా అని నేనే తొందర పెడితిని. ఆగమ్మా, ముందు నేను తాగాల అనింది. మీ చేనివే, మండ లేదు, మంచి నీళ్లు అనింది" అని చెప్పిందంట. అప్పుడు వాడు, మందు కొట్టినానే అన్నాడు. చెప్పాల్సిన మాట అప్పుడొచ్చింది బయటికి. అవ్వను ఆటోలో ఏస్కోని పోతా ఉంటే దోవలోనే ప్రాణం పోయె.

ఇప్పుడు వాడు ఏటా మండ కడతాడు, మందు కొట్టినా కడతాడు, కొట్టకున్నా కడతాడు. దాన్ని చూసి ఎనక్కి తిరిగిపోయే మనిషే లేదు. పురుగు మాత్రం మళ్లా వస్తానే ఉంది. సిగ్గుతో చస్తి అంటాం కదప్పా మనం ఊరికే. వాని సిగ్గుకు చచ్చింది మాత్రం అవ్వ.