వెనక పట్టుకున్న చెయ్యి

బోటు షెడ్డు పక్కనున్న టీకొట్టులో మేనకోడలు తేల్చి చెప్పేసింది.

"నా వల్ల కాదు మావయ్యా. రేపు సెలెక్షన్ పోటీకి దిగను. ఇవాళ నది మీద నా కయాక్ పడవని వెనక నుంచి ఎవరో పట్టుకున్నారు."

ఆ మావయ్యే తన కోచ్. వెనకాల అందరూ 'కోతల కోచ్' అంటారు.

"ఓస్, ఇంతేనా! నన్ను పట్టుకోలేదూ? నేనూ నీలాగే కండలు గట్టిపడాలని కయాక్‌కి తాడు చుట్టి తెడ్డేసేవాణ్ణి. తాడు నీళ్లకి అడ్డుపడి పడవ బరువెక్కుతుంది, నీకూ చేయిస్తున్నాగా. సరే, పోటీ నాటి పొద్దున ఒకటే మంచు. పక్షి కూత కూడా లేదు. తెడ్డేస్తుంటే పడవ కదలదే! వెనకేమో ఊపిరి చప్పుడు. నాది కాదు, నేను బిగబట్టి ఉన్నా!"

"తిరిగి చూశారా?" టీ వడకడుతూ అడిగింది కొట్టు అక్క.

"తిరిగితే కయాక్ బోర్లాపడదూ? దీనికి మొదటిరోజే చెప్పా, వెనక్కి చూడొద్దని. పళ్ల బిగువున లాగా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నదిలో మునిగిపోయినవాళ్లంతా ఒకరి నడుము ఒకరు పట్టుకుని నా వెనక బారు కట్టారు. 'మెల్లిగా పోనీ నాయనా' అని నీళ్ల కింద గొణుగుడు. అందులో మా తాత గొంతు కూడా!"

"మీ తాత మంచంలో పోయాడు కదండీ?" అన్నాడు పడవల మేస్త్రీ.

"ఈతకొచ్చాడేమో, నువ్వు మధ్యలో అడ్డురాకు!"

మేనకోడలు ఇక వినలేకపోయింది. "పడవ కడిగొస్తా" అని గ్లాసు వదిలేసి షెడ్డులోకి వెళ్లింది.

కోచ్ ఆగితేగా! "ఇంకా లాగా. నది అడుగు లేచొచ్చింది. వంతెన కదిలింది, దాని మీద దీపస్తంభాలు తలలూపుకుంటూ నా వెనకే వచ్చాయి. నిద్రపోతున్న జనం మంచాలతో సహా ఇటు జరిగారు. ఈ కొట్టు అప్పట్లో అవతలి ఒడ్డున ఉండేది, తెలుసా! అంత బరువు లాగబట్టే చివరొచ్చా, లేకపోతే నాతో ఎవడు పోటీ?"

ఎవరూ నవ్వలేదు. అక్క అవతలి ఒడ్డుకేసి చూసింది. అక్కడ సరిగ్గా కొట్టంత ఖాళీ జాగా ఉంది.

మేనకోడలు తిరిగొచ్చి, నీళ్లోడుతున్న తాడొకటి బల్ల మీద పడేసింది.

"ఇదిగో మావయ్యా, ఆ చెయ్యి. నా సీటు వెనక పడవకి చుట్టే ఉంది. నిన్న నువ్వే కట్టి, విప్పకుండానే ఇవాళ పడవ నీళ్లలో పెట్టావు. వెనక్కి చూడొద్దన్నావు, నేనూ చూడలేదు."

కోచ్ తాడు కొస పట్టుకుని చూశాడు.

"నువ్వు చివరొచ్చిన రోజు, తాడు విప్పావా?"

ఆయన చేతిలోని టీ పక్కన పెట్టి, తాడుని మెల్లిగా చుట్ట చుట్టడం మొదలుపెట్టాడు.

"రేపు దిగుతున్నా," అంది మేనకోడలు. "పడవ నీళ్లలో పెట్టేది మాత్రం నేనే."