మూత మీది పేరు

హలో… ఆ, నేనే అక్కా. ముందు ఈ చప్పుడు విను… గుర్రుమంటోంది కదూ? ఫ్యాన్. మన యాంప్లిఫయర్ లోపలి ఫ్యాన్.

…సరే, నీదే. నీదేనమ్మా తల్లీ! దెబ్బలాట తర్వాత, ముందు దారి చెప్పు. పెట్టె పెనంలా కాలుతోంది.

…సంగీత పాఠశాలలో. వేదిక వెనక చిన్న గది. …కిటికీ లేదు. …తలుపు తీయలేను. పిల్లలు వచ్చి వైర్లు తొక్కుతున్నారని మేనేజరుగారు బయట గొళ్ళెం పెట్టి వెళ్ళారు. అరిచాను. ఆ చప్పట్లలో నా గొంతెవరికి?

…ఆపేయడం కుదరదక్కా! పాడుతున్నది పెద్ద పంతులమ్మగారు. గొంతుకు ఆపరేషన్ అయ్యాక ఇదే మొదటిసారి. ఆవిడ పాట ఇప్పుడు ఊపిరంత. మైకు పోతే మొదటి వరుసకైనా అందదు… ఈ పాట కాక ఇంకొకటి. పావుగంట.

…హీట్ సింక్ మీద వేలా? వేడి వదలడానికి వెనక పొడుచుకొచ్చిన అంచు మీదేనా? …పెట్టాను— అబ్బా! ఒకటి. అంతే. …తెలుసు, ఐదు లెక్కపెట్టేదాకా వేలు నిలవాలి. నీ సూత్రమే.

…ట్రాన్సిస్టర్ల కింద వేడి లాగే పేస్టు నువ్వు రాసిందే, నేను ముట్టలేదు. …ఫ్యాన్ తిరుగుతోంది. కింద గాలి పీల్చే చోట కాగితం పెట్టి చూశాను, కదలడం లేదు. …పైనా? పైన చెయ్యి పెడితే…



…పైనుంచి గాలి రావడం లేదు.

…మూత మార్చలేదు. రంధ్రాలూ అలాగే ఉన్నాయి. నూట పన్నెండు. వారం రోజులు కూర్చుని నువ్వు తొలిచినవే… ఉన్నాయి గానీ… వాటి మీద ఒక పలక ఉంది.

…ఇత్తడిది. …నేనే బిగించాను.

…ఏం రాసి ఉందంటే— అది తర్వాత చెప్తాను.

…'తయారీ' అని. కింద నా పేరు.

…

తిట్టు. ఏదో ఒకటి అను. నువ్వు మాట్లాడకపోతే నాకీ ఫ్యాన్ చప్పుడే వినబడుతోంది.

…ఎందుకంటే, ఎవరు చేశారని మేనేజరుగారు అడిగారు. సౌండు చూసుకునే ఉద్యోగం ఇస్తామన్నారు. 'నేనే' అన్నాను. ఒక్క మాట. తీరా చూస్తే మూత నిండా నీ ముద్దుపేరు, రంధ్రాల్లో. కప్పక తప్పలేదు.

…'అబద్ధమాడినా అతికినట్టుండాలి' అంటావా? బాగానే అతికిందక్కా, అదే చిక్కు. గాలికి కూడా సందు లేదు. …నవ్వకు!

…తీస్తే? పాట కాగానే ఆయన వస్తారు, పెట్టెను అందరికీ చూపిస్తారట. పలక తీస్తే ఉద్యోగం లేదు, ఉంచితే పాట లేదు. కుడితిలో పడ్డ ఎలుకనయ్యాను. …'నీ ఇష్టం' అంటే ఎలా? నువ్వైనా కసిరి తీయించు!

…ఉండు, ఫోను గోడకు ఆనిస్తాను…

వినబడిందా? …ఆ, చివర గీరుకుంది. అది ఆవిడ గొంతు కాదు. పెట్టె గొంతు.

…

తీస్తున్నాను.

స్క్రూడ్రైవరు ఉంది. ఫోను భుజానికీ చెవికీ మధ్య… ఒకటి వచ్చింది. …రెండు. అబ్బా, వేలు! …ఏం కాలేదు. మూడోది కదలడం లేదు. ఎంత ప్రేమగా బిగించానో చూడు. …ఎడమకే తిప్పుతున్నానమ్మా! …వచ్చింది. నాలుగోది కూడా.

అమ్మో… మొహానికి కొట్టింది, ఎంత వేడి! …వస్తోందక్కా, గాలి వస్తోంది. లోపలి ఎర్ర దీపం రంధ్రాల్లోంచి… ఒక్కో అక్షరమే…

…వేలు పెట్టాను. రెండు. …రెండో పాట ఎత్తుకున్నారు. …ఇప్పుడు మూడు. …మాట్లాడకపోయినా ఫరవాలేదు, ఉండు చాలు. …నాలుగు.

…ఐదు. ఐదక్కా!

…చప్పట్లు. ఆఖరి మాట దాకా అందింది.

ఉండు… గొళ్ళెం తీస్తున్నారు. ఫోను పెట్టకు. పెట్టకు, అక్కా.

— రండి సార్. …ఆ పలకా? నా జేబులో ఉంది. …ఊడిపోలేదు సార్, తీసేశాను. …ఈ పెట్టె నేను చేసింది కాదు. మా అక్క చేసింది. …తెలుసు సార్. ఉద్యోగం సంగతి తెలిసే చెబుతున్నాను. …లైన్లోనే ఉంది, వింటోంది. …పేరా? మూత మీదే ఉంది, చూడండి. …కళ్ళద్దాలు మరిచారా? నేనే చదువుతాను.

మిణుగురు.